వదాన్యుడు: ఇచ్చే చేయి, పలికే నోరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను భాషా పండితుణ్ని కాను, ఇంజనీరును. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కాలువల మీద, చెరువుల మీద ముప్పై ఏళ్లు పనిచేశాను. ఇప్పుడవి ఎనిమిది జిల్లాలయ్యాయి గానీ మా తరం నోట ఇంకా రెండు జిల్లాలే. అలాంటివాణ్ని ఒక మాట గురించి మాట్లాడమని ఎందుకు పిలిచారో ముందు చెప్పాలి. మన స్వర్ణోత్సవ ఆహ్వానపత్రికలో "వదాన్యులైన పూర్వ విద్యార్థులు" అని అచ్చయింది. అది చూసి కొందరు మన కార్యదర్శి గారికి ఫోన్ చేశారట. ఒకాయన "ధన్యులు అనబోయి తప్పు పడ్డదా సార్?" అని అడిగాడట. ఇంకొకాయన "వదాన్యులు అంటే వదినెలా?" అన్నాడట. కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "నీకు తెలుగు సార్ దగ్గర మార్కులెక్కువ వస్తుండె కదా, ఆ మాట ఏందో ఓ ఇరవై నిమిషాలు నువ్వే చెప్పు" అన్నారు. అందుకే ఇక్కడ నిలబడ్డాను.

వదాన్యుడు అంటే ధారాళంగా ఇచ్చేవాడు. ఆ గుణం వదాన్యత. అమరకోశంలో ఇలాంటివాడికి కొన్ని పేర్లు ఒక్కచోట చెప్పారు: వదాన్యుడు, స్థూలలక్ష్యుడు, దానశౌండుడు, బహుప్రదుడు. వీటికి అర్థం ఒకటే అని మన పిల్లలు పరీక్షలో రాస్తారు, మార్కు కూడా వస్తుంది. కానీ నాలుగు మాటల్లో నాలుగు రకాల మనుషులు కనిపిస్తారు. బహుప్రదుడు అంటే ఎక్కువ ఇచ్చేవాడు. అక్కడ లెక్క ఉంది. స్థూలలక్ష్యుడి గురి పెద్దది, చిల్లర చూసుకోడు. దానశౌండుడి సంగతి తమాషా. శౌండుడు అంటే మత్తు మరిగినవాడు. కొందరికి కల్లు మత్తు ఉన్నట్టు ఇతనికి ఇచ్చే మత్తు ఉంటుంది. ఇలాంటివాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, వాళ్ల ఇంట్లోవాళ్లను అడిగితే కథలు కథలుగా చెబుతారు.

ఇక వదాన్యుడు. ఈ మాటను పండితులు "వద్" అనే ధాతువు నుంచి చెబుతారు. వద్ అంటే పలకడం. వాదం, వదనం, అనువాదం, సంవాదం అన్నింట్లో ఉన్నది అదే. అమరకోశమే ఇంకో చోట, ఒక మాటకు పలు అర్థాలు చెప్పే వర్గంలో, వదాన్యుడికి రెండో అర్థం ఇస్తుంది: ఇంపుగా మాట్లాడేవాడు. అంటే మన పూర్వులు ఒకే మాటలో చేతిని, నోటిని కలిపి పెట్టారు. బాగా ఇచ్చేవాడూ వదాన్యుడే, మంచిగా మాట్లాడేవాడూ వదాన్యుడే. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఈ రెండు అర్థాల మధ్యనే ఉంది. మిగిలిన పేర్లకు డబ్బు చాలు. ఈ పేరుకు మాట కూడా కావాలి.

ఇది సంస్కృతం మాట కదా, మనది కాదు కదా అనుకోవద్దు. తెలుగులో దీనికి ఈవి అనే చక్కని మాట ఉంది. ఇచ్చు నుంచి వచ్చింది. పాత తెలుగులో త్యాగం అన్నా ఈవి అనే అర్థమే. మన వాడుకలో ఇంకా లోతైన సంగతులున్నాయి. డబ్బు ఇస్తాం, అన్నం పెడతాం, నీళ్లు పోస్తాం. వీటితోపాటు "మాట ఇస్తాం" కూడా. మనకు మాట కూడా చేతిలోంచి ఇచ్చే వస్తువే. అదృష్టవంతుణ్ని చూసి "వాడు పెట్టి పుట్టిండు" అంటాం. ఈ జన్మలో తింటున్నాడంటే వెనకటి జన్మలో ఎవరికో పెట్టాడని. "తిట్టే నోరు, పెట్టే చెయ్యి ఊరకుండవు" అని మన ముసలివాళ్లు అంటారు. అమరకోశం ఎన్నడూ చూడని మా నాయనమ్మ కూడా నోటిని, చేతిని ఒకే సామెతలో కట్టేసేది. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు" అనే సామెత కూడా ఆమె నోటి నుంచే విన్నాను. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ శంకుస్థాపన సభలకు వెళ్లినప్పుడల్లా ఆ సామెత గుర్తొచ్చేది.

అయితే దానానికి సంబంధించిన మాటలకు మన దగ్గర ఒక జబ్బు ఉంది. అవి గొప్పగా పుట్టి, వాడగా వాడగా కిందికి జారుతాయి. ధర్మం ఎంత పెద్ద మాట! అది బస్టాండులో "ధర్మం జెయ్యుండ్రి" అయింది. ఖైరాత్ అనే ఉర్దూ మాట అరబ్బీలోని ఖైర్ నుంచి వచ్చింది. ఖైర్ అంటే మంచి. ఖైరాత్ అంటే మంచి పనులు. మన దగ్గర "నీకేమన్న ఖైరాత్ ఇస్తున్ననా?" అని కసురుకోవడానికి పనికొస్తోంది. ఉచితం అంటే సంస్కృతంలో తగినది అని. సముచితం, ఔచిత్యం అనేటప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉంది. తెలుగులో ఉచితం అంటే పైసలు పెట్టకుండా వచ్చేది. ఇక ధారాదత్తం. నీళ్లు ధారపోసి, మళ్లీ వెనక్కి తీసుకోనని ఇచ్చింది ధారాదత్తం. ఇప్పుడు పేపర్లో ఆ మాట కనబడితే ఏ ప్రభుత్వ భూమో ఎవరి పాలో అయిందని అర్థం చేసుకుంటాం.

వితరణ అనే మాట గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. మనకు వితరణ అంటే ఉదారంగా ఇవ్వడం, వితరణశీలి అంటే గొప్ప దాత. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తరాదిలో జరిగిన ఒక సెమినార్‌కు వెళ్లాను. అక్కడ ఒక హాలు బయట "జల్ వితరణ్" అని హిందీలో రాసి ఉంది. అబ్బ, నీళ్లను ఇంత ఉదారంగా ఇచ్చే రాష్ట్రం ఏదో చూద్దామని లోపలికి వెళ్లి కూర్చున్నాను. తీరా చూస్తే కాలువ చివరి రైతుకు నీళ్లు ఎందుకు అందడం లేదన్న దాని మీద రెండు గంటలు వాదించుకున్నారు. హిందీలో వితరణ్ అంటే పంపిణీ. మనకు దాతగుణమైనది వాళ్లకు రోజువారీ డ్యూటీ. తర్వాత ఆలోచిస్తే ఇందులో ఒక న్యాయం కనిపించింది. చివరి మడి దాకా చేరితేనే అది వితరణ. తూము దగ్గర ఎంత పోటెత్తినా లాభం లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాను. ఈ నేల దానానికి కొత్తది కాదు. వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్యుల్లో రెండో అరికేసరి కొలువులో పంపకవి ఉన్నాడు. కన్నడిగులు ఆదికవి అని కొలిచే పంపడు మన వేములవాడ కవి. 941లో ఆయన విక్రమార్జున విజయం పూర్తి చేస్తే రాజు ధర్మవురం అనే అగ్రహారం ఇచ్చాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలం కురిక్యాల దగ్గర, బొమ్మలమ్మ గుట్ట మీద, మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగులో కందపద్యాలు మనకు దొరికిన అతి పాత చోట్లలో అదొకటి. అన్నకు రాజు అగ్రహారం ఇచ్చిన సంగతీ, తాను గుట్ట మీద జినాలయం, కింద చెరువు, తోట ఏర్పాటు చేసిన సంగతీ అందులో ఉన్నాయి. నేను ఇంజనీరును కాబట్టి చెరువు దగ్గర ఆగిపోతాను. గుడి ఒక మతం వాళ్లది. చెరువు నీళ్లు తాగడానికి వచ్చిన మనిషిని, గొడ్డును నీ మతమేంది అని అడిగేవాళ్లు లేరు.

కాకతీయుల కాలానికి ఈ ఆలోచన బాగా పాదుకుంది. మనిషి వెనక మిగలాల్సినవి ఏడు అన్నారు: కొడుకు, చెరువు, కావ్యం, గుడి, తోట, అగ్రహారం, నిధి. వీటిని సప్తసంతానాలు అన్నారు. చెరువును కొడుకు పక్కన కూర్చోబెట్టారంటే చూడండి. చెరువు తవ్వించినవాడికి, తెగిన కట్ట బాగుచేసినవాడికి దశబంధం అని మాన్యం ఇచ్చేవారు. ఆ ఆయకట్టులో ఒక వంతు వాళ్లకు దక్కేది. ఇచ్చినవాడికి కూడా తిరిగి ఏదో ఒకటి అందాలి, అప్పుడే ఆ పని తరాల పాటు నడుస్తుందని వాళ్లకు తెలుసు. దానం అంటే ఏమీ ఆశించకుండా ఇవ్వడం అని మనం పుస్తకాల్లో రాసుకుంటాం. శాసనాలు రాయించినవాళ్లు మనకంటే లౌక్యం తెలిసినవాళ్లు.

చెరువు గురించి ఇంకొక్క మాట. చెరువు నుంచి నీళ్లు రెండు దార్లలో బయటికి వస్తాయి. ఒకటి అలుగు, రెండోది తూము. చెరువు నిండి, ఇక పట్టక పోయే నీళ్లు అలుగు మీద నుంచి దుంకుతాయి. చూడటానికి అలుగు దుంకుడు ఎంతో బాగుంటుంది. ఊరంతా పోయి చూస్తుంది, ఇప్పుడైతే సెల్ఫీలు కూడా. తూము దగ్గరికి ఎవరూ రారు. నీరటికాయన ఒక్కడే పోయి, ఏ మడికి ఎంత కావాలో అంత వదులుతాడు. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గినప్పుడు కూడా తూము నీళ్లే పంటను నిలబెడతాయి. దానంలో కూడా ఈ రెండూ ఉన్నాయి. మనకు ఎక్కువైనది పోయేది అలుగు. అవతలివాడి అవసరం చూసి, మనం దాచుకున్న దాంట్లోంచి తీసేది తూము. అలుగు నీళ్లను తప్పు పట్టను, అవి కూడా కింది చెరువును నింపుతాయి. కానీ పంట పండేది తూము మీద.

మన పిల్లలకు వదాన్యుడు అనే మాట బడిలోనే ఎదురవుతుంది. తెలంగాణ వచ్చాక తెచ్చిన పదో తరగతి తెలుగు వాచకంలో మొదటి పాఠం దానశీలము. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో బలి చక్రవర్తి కథ. వామనుడు మూడడుగులు అడిగాడు. బలి ఇస్తానన్నాడు. గురువు శుక్రాచార్యుడు వద్దంటున్నాడు: వచ్చినవాడు మామూలువాడు కాదు, నీ రాజ్యం పోతుంది, ఈ దానం గీనం వద్దు, పంపెయ్. ఇలా అంటూనే శిష్యుణ్ని ఏమని పిలిచాడో చూడండి: వదాన్యోత్తమా! ఇచ్చేవాళ్లలో నువ్వు గొప్పవాడివి, కాబట్టి ఇవ్వకు అని దాని అర్థం. మనమంతా ఇలాంటి సలహా ఎప్పుడో ఒకప్పుడు విన్నవాళ్లమే. "నీది పెద్ద చెయ్యిరా, గని ఈ ఒక్కసారికి ఊకో" అని మన శ్రేయోభిలాషులు చెబుతుంటారు.

బలి వినలేదు. ఎందుకు వినలేదు? రాజ్యం మీద మోజు లేక కాదు. ఇస్తానని నోటితో అన్నాడు, ఆ మాట వెనక్కి పోకూడదు. ఇక్కడ కూడా మాట, చేయి కలిసే ఉన్నాయి. తర్వాత నీళ్లు ధారపోసే సమయంలో శుక్రుడు కలశం రంధ్రానికి అడ్డం పడ్డాడు, దర్భ తగిలి కన్ను పోగొట్టుకున్నాడు. తూము కంతకు అడ్డం కూర్చున్న మొదటి మనిషి ఆయనే అని మా శాఖలో సరదాగా అనుకునేవాళ్లం. సంఘాల్లో, కమిటీల్లో పనిచేసినవాళ్లకు ఆయన వారసులు బాగా తెలుసు.

ఇచ్చేవాడి మాట ఇలా ఉండాలి సరే, అడిగేవాడి మాట ఎలా ఉండాలి? దీనికి మన తెలంగాణలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లికి వినోబా భావే నడుచుకుంటూ వచ్చారు. సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. ఊళ్లోని దళితులు తమకు 80 ఎకరాల భూమి కావాలన్నారు. సర్కారుకు రాద్దామా అన్న మాట వచ్చింది. ఊళ్లోనే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా మొదలైంది. తర్వాత వినోబా ఊరూరా తిరుగుతూ దానం అనే మాటకు శంకరాచార్యులు చెప్పిన అర్థం గుర్తు చేసేవారు: సంవిభాగం, అంటే సరిగ్గా పంచుకోవడం. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాణ్ని అనుకొని నా వాటా ఇవ్వండి అని అడిగేవారు. ఈ విభాగంలో ఉన్న భజ్ ధాతువు నుంచే భిక్ష కూడా వచ్చిందంటారు. వాటా కోరడమే భిక్ష. అలా అడిగితే అడిగినవాడి తల వంగదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. దానపత్రం రాసినంత తొందరగా అన్ని చోట్లా భూమి పేదవాడి చేతికి రాలేదు. కొన్ని చోట్ల ఇచ్చింది రాళ్లగుట్ట, కొన్ని చోట్ల తగాదా భూమి. సభలో ప్రకటించడం సగం పని. నీళ్లు చివరి మడికి చేరాయా లేదా అన్నదే మిగతా సగం.

ఆదిలాబాద్‌లో పనిచేసినప్పుడు దీనికి ఇంకో రూపం చూశాను. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు గోండు గూడేల్లో పర్ధాన్లు ఉంటారు. వాళ్లు కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలు పాడతారు. పండుగకు, పెళ్లికి, చావుకు పర్ధాన్ రావాల్సిందే. పాడినందుకు గోండు కుటుంబం ధాన్యం ఇస్తుంది, డబ్బు ఇస్తుంది, ఒక్కోసారి పశువును ఇస్తుంది. చెరువు సర్వేకు వెళ్లినప్పుడు ఒక గూడెంలో పెద్దమనిషిని అడిగాను, మీరు ఆయనకు ఎంత ఇస్తారని. ఆయన నవ్వి, "మా కథ ఆయన దగ్గర ఉంది, మా జొన్నలు మా దగ్గర ఉన్నయ్. రెండూ మావే గద సార్" అన్నాడు. కింది తెలంగాణలో మన ఆశ్రిత కులాలవాళ్లు మిరాశి అనేది కూడా ఇలాంటిదే. కథ చెప్పి తీసుకునేది హక్కు. అందులో ముష్టి అనే ఊసే ఉండదు.

ఇంతదాకా రాజుల కథలు, ఊళ్ల కథలు చెప్పాను. ఇప్పుడు మన బడి కథ. ఇక్కడ పేర్లు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది.

మేం ఏడో తరగతిలో ఉండగా ఒక పెద్దమనిషి పేద పిల్లలకు నోటుపుస్తకాలు పంచడానికి వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. ఈ మైదానంలోనే టెంట్ వేశారు, మైకు పెట్టారు. ఒక్కో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని మైకులో చదివారు. "ఫలానా, తండ్రి హమాలీ." వాడు లేచి, అంత మంది ముందు నడుచుకుంటూ పోయి, తీసుకొని, వంగి దండం పెట్టి రావాలి. మా క్లాసులో లెక్కల్లో ఎప్పుడూ ముందుండే ఒక పిల్లవాడు అట్లా పోయి తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున ప్రార్థనకు ముందే వచ్చి ఆ పుస్తకాల కట్ట తెలుగు సార్ బల్ల మీద పెట్టి, "నాకు పుస్తకాలున్నయ్ సార్" అన్నాడు. వాడి దగ్గర లేవు. ఆ సంగతి సార్‌కు తెలుసు, మాకు తెలుసు.

సార్ కోప్పడలేదు, బుజ్జగించలేదు. ఒక వారం పోనిచ్చారు. తర్వాత వాణ్ని పిలిచి, "నీ దస్తూరి మంచిగుంటది. నా అమరకోశం చినిగిపోతున్నది, కండ్లు సరిగ కనిపిస్తలేవు. రోజుకింత ఈ పుస్తకాల్ల ఎత్తి రాసిపెట్టు. మిగిలిన కాయితాలు నువ్వు వాడుకో" అన్నారు. సార్ కళ్లకు ఏ జబ్బూ లేదు. క్లాసు చివరి బెంచీలో ఎవరు గోలీలాడుతున్నారో ఇక్కడి నుంచే కనిపెట్టేవారు. వాడు రెండు పుస్తకాల్లో రాసిచ్చాడు. మిగిలిన పుస్తకాలు సంవత్సరమంతా వాడికి వచ్చాయి. పుస్తకాలు అవే. కొన్న పైసలు కూడా ఆ పెద్దమనిషివే. మాట ఒక్కటే మారింది. వదాన్యుడికి రెండో అర్థం ఉందని సార్ మాకు చెప్పింది ఆ ఏడాదే, అమరకోశం పాఠంగా. ఎవరి పేరూ ఎత్తలేదు. ఆ పిల్లవాడు ఈ సభలో ఉన్నాడో లేడో కూడా నేను చెప్పను.

ఇక మన పేపర్ల భాష చూడండి. "దాతృత్వం చాటుకున్న వ్యాపారి", "మానవత్వం చాటుకున్న యువకులు". తెలుగులో చాటు అనే మాట భలే విచిత్రమైనది. చాటడం అంటే దండోరా వేయడం. చాటుగా అంటే ఎవరికీ కనబడకుండా. ఒకే మాటతో రెండు దార్లూ చూపించి, ఏ దారిన పోవాలో మనకే వదిలేసింది భాష. పెద్దల దారి ఏదో మనకు తెలుసు. గుళ్లో గుప్తదానం అంటారు. బహిరంగంగా ఇస్తే మంచిదే, రహస్యంగా ఇస్తే ఇంకా మంచిదని ఖురాన్ చెబుతుంది. కుడి చేయి ఇచ్చేది ఎడమ చేతికి తెలియనివ్వొద్దని బైబిల్ అంటుంది.

ఇప్పుడు మన సంఘం ముందున్న పనికి వస్తాను. స్వర్ణోత్సవ నిధి పోగవుతోంది. ఇచ్చినవాళ్లలో విదేశాల్లో ఉన్నవాళ్లు ఉన్నారు, బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉన్నారు, ఒక నెల పెన్షన్ ఇచ్చిన మన పాత అటెండర్ ఉన్నాడు. ఈ నిధితో దూరపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు సైకిళ్లు, పదో తరగతి పరీక్ష ఫీజులు, కళ్లద్దాలు, బస్ పాసులు ఇవ్వాలనుకున్నాం. మంచి ఆలోచన. ఎట్లా ఇవ్వాలన్న దాని మీద కమిటీలో చర్చ నడుస్తోంది. జనవరి 26న మైదానంలో వేదిక వేసి, పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఫోటోలతో ఇద్దామని కొందరు అంటున్నారు. నేను దానికి ఒప్పుకోవడం లేదు. కారణం ఇప్పుడే చెప్పాను.

అటువైపు వాదన కూడా బలహీనమైనదేం కాదు. ఫోటో చూస్తేనే ఇంకొకరు ముందుకు వస్తారంటారు. అమెరికాలో ఉన్నవాడు తన డబ్బు ఏమైందో తెలుసుకోవాలి కదా అంటారు. చాటుగా ఇస్తే లెక్కలు కూడా చాటుకు పోతాయని ఒక మిత్రుడు ముఖం మీదే అన్నాడు. కమిటీల సంగతి తెలిసినవాడు కాబట్టి అన్నాడు. వీటన్నింటికీ నా సమాధానం ఒక్కటే. డబ్బు లెక్క దండోరా వేద్దాం, పిల్లవాడి పేరు దాచిపెడదాం. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని ఫీజులు, ఎన్ని కళ్లద్దాలు అన్నది ప్రతి సంవత్సరం బడి గోడ మీద అతికిద్దాం, సభ్యులందరికీ పంపుదాం. ఎవరికి ఇచ్చామన్నది క్లాసు టీచర్‌కు, హెడ్మాస్టర్‌కు, ఆడిటర్‌కు తెలిస్తే చాలు.

మూడు పనులు అడుగుతున్నాను. మొదటిది, ఒక చిన్న మొత్తం ఎప్పుడూ హెడ్మాస్టర్ చేతిలో ఉండాలి. ఫీజు గడువు రేపు అన్నప్పుడు కమిటీ మీటింగ్ దాకా ఆగే పరిస్థితి ఉండొద్దు. పిల్లవాడికి చెప్పే మాట "నీ ఫీజు కట్టడమైంది, పోయి చదువుకో" అన్నంతే ఉండాలి. రెండోది, సైకిళ్లు "పేద విద్యార్థులకు" అని కాకుండా, ఫలానా దూరం నుంచి వచ్చే పిల్లలందరికీ అని ఇద్దాం. కొలత కిలోమీటర్లలో ఉంటే ఎవరికీ నామోషీ లేదు. సైకిల్ మీద సంఘం పేరు రంగుతో రాయించవద్దు; అది పిల్లది, మనది కాదు. మూడోది, దాతల పేర్లు రాతి పలక మీద వేద్దాం, కానీ అక్షర క్రమంలో, ఎంత ఇచ్చారన్నది రాయకుండా. అప్పుడు మన అటెండర్ పేరు, పెద్ద కంపెనీ యజమాని పేరు ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన ఉంటాయి. బహుప్రదుడి పట్టిక మనకొద్దు, వదాన్యుల పట్టిక కావాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఇక్కడ డబ్బు ఇచ్చేది మేమైనా మాట ఇచ్చేది మీరే. ఏ పిల్లకు ఏం తక్కువైందో ముందు కనిపెట్టేది మీరు. బోర్డు మీది అక్షరాలు కనిపించక పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూసే అమ్మాయిని మీరు చూస్తారు, మేం చూడలేం. మా డబ్బు మీ నోటి గుండా పోతేనే దానికి వదాన్యత అనే పేరు వస్తుంది. మీరు ఒక్క మాట తప్పుగా అంటే అది మైకు ముందు పంచిన పుస్తకాల కట్ట అవుతుంది. మీరు దాన్ని ఎట్లా మలుచుకోగలరో మన తెలుగు సార్ చూపించి వెళ్లారు.

ఆహ్వానపత్రికలో వదాన్యులు అని వేసినందుకు కార్యదర్శి గారిని అభినందిస్తున్నాను. అందులో తప్పేమీ పడలేదు. కాకపోతే ఆ మాట మనకు తగినదో కాదో ఇంకా తేలాల్సి ఉంది. వచ్చే నెల కమిటీ సమావేశంలో ఈ మూడు అంశాలు ఓటుకు వస్తాయి. సభ్యులందరూ రండి, మీ మాట చెప్పండి. నాతో ఏకీభవించనివాళ్లు కూడా తప్పకుండా రండి.